మినిమమ్ కడితే చాలా? క్రెడిట్ కార్డు బాకీల మీద అపోహలు – వాస్తవాలు

ఊళ్లో ఎవరి దగ్గరైనా అప్పు అడిగేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది వడ్డీ ఎంతని. నూటికి రెండు రూపాయలంటే సరే అంటారు. మూడంటే ఆలోచిస్తారు. ఐదంటే దండం పెట్టి లేచి వచ్చేస్తారు. అదే మనిషి బెంగళూరు వచ్చి మారతహళ్లిలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేసుకుంటూ, కార్డు మీద నూటికి మూడున్నర రూపాయల వడ్డీని నెలల తరబడి మోస్తుంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. జీతం బాగానే వస్తున్నా బాకీ ఎందుకు తగ్గడం లేదో చాలామందికి అంతుపట్టదు. స్టేట్‌మెంట్ చదివితే జవాబు అందులోనే ఉంటుంది. తరచుగా వినబడే అపోహలను, వాటి వెనకున్న లెక్కలను ఇక్కడ రాస్తున్నాం. వడ్డీ రేట్లు, ఫీజులు బ్యాంకును బట్టి మారతాయి. మీ కార్డుకు ఎంతో స్టేట్‌మెంట్ వెనక పేజీల్లో చూసుకోండి.

అపోహ: మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) కట్టేశాం కాబట్టి వడ్డీ పడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. మినిమమ్ కడితే లేటు ఫీజు పడదు, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆలస్యం నమోదు కాదు. అంతవరకే. వడ్డీ లేని 45, 50 రోజుల గడువు ఒక షరతు మీద ఇచ్చేది. టోటల్ డ్యూ, అంటే బిల్లులోని పూర్తి బాకీ, డ్యూ డేట్ (కట్టాల్సిన ఆఖరి తేదీ) లోగా కట్టాలి. కొంత మిగిల్చినా ఆ గడువు పోతుంది, కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కిస్తారు.

ఒక లెక్క చూద్దాం. మీ స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెలా 15, డ్యూ డేట్ తర్వాతి నెల 4. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. డిసెంబరు 18న 40,000 రూపాయల ఫోను కొన్నారు. జనవరి 15న బిల్లు వచ్చింది: టోటల్ డ్యూ 40,000, మినిమమ్ 5 శాతం చొప్పున 2,000. సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన ఖర్చులున్నాయని ఫిబ్రవరి 4న ఆ 2,000 మాత్రం కట్టారు.

ఫిబ్రవరి 15 బిల్లులో ఏముంటుంది? డిసెంబరు 18 నుంచి ఫిబ్రవరి 4 వరకు 48 రోజులకు పూర్తి 40,000 మీద 2,209 రూపాయలు. ఆ తర్వాత 11 రోజులకు మిగిలిన 38,000 మీద 481. రెండూ కలిపి 2,690, దాని మీద జీఎస్టీ 484. మొత్తం 3,174. కట్టింది 2,000, పడింది 3,174. బాకీ 41,174కి చేరింది. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే.

తర్వాతి దెబ్బ ఆ నెల మినిమమ్‌లో ఉంటుంది. బాకీ పెరుగుతూ పోయేలా మినిమమ్ పెట్టకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల్లో చెప్పింది. అందుకని చాలా బ్యాంకులు వడ్డీ, జీఎస్టీ పూర్తిగా వేసి, దానికి అసలులో 5 శాతం కలిపి మినిమమ్ అడుగుతాయి. మన లెక్కలో అది 3,174కి 1,900 కలిపి 5,074. పోయిన నెల రెండు వేలు కట్టినవారికి ఈ నెల ఐదు వేలు. ఇక్కడే చాలామంది తడబడి ఇంకో కార్డు వైపు చూస్తారు.

ఇలా మినిమమ్ మాత్రమే కడుతూ పోతే 40,000 బాకీలో అసలు సగానికి రావడానికి 14 నెలలు పడుతుంది. ఆలోగా వడ్డీ, జీఎస్టీ కిందే దాదాపు 16,900 రూపాయలు పోతాయి.

అపోహ: పాత బాకీకి వడ్డీ పడినా, కొత్తగా కొన్నవాటికి మళ్లీ 45 రోజులు ఉంటాయి.

ఉండవు. పాత బాకీ తీరేదాకా అదే కార్డు మీద కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. అందుకని బాకీ ఉన్న కార్డుతో మొదట చేయాల్సిన పని గీకడం పూర్తిగా ఆపడం. కార్డును బీరువాలో పెడితే సరిపోదు. కిరాణా, భోజనం, క్యాబ్ యాప్‌లలో సేవ్ చేసి ఉన్న కార్డును తీసేయాలి. ఓటీటీ, క్లౌడ్ స్టోరేజ్ లాంటి నెలవారీ చెల్లింపులను డెబిట్ కార్డుకు మార్చాలి. రూపే కార్డును యూపీఐకి లింకు చేసి ఉంటే ఆ లింకు తెంచాలి. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) కాఫీ, ఆటో, కూరగాయలు అన్నీ స్కాన్ చేసి కట్టే ఊరు బెంగళూరు. ఇరవైలు, యాభైలు స్టేట్‌మెంట్‌లో మూడు పేజీలు నింపేస్తాయి. వడ్డీ లేని గడువు తిరిగి ఎప్పుడు వస్తుందో బ్యాంకును బట్టి ఉంటుంది. కొన్ని వరసగా రెండు బిల్లులు పూర్తిగా కట్టాకే ఇస్తాయి. కస్టమర్ కేర్‌ను అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

అపోహ: అంతా కట్టేశాక కూడా వడ్డీ వచ్చిందంటే బ్యాంకు మోసం చేసినట్టే.

పై ఉదాహరణలో 41,174 మొత్తం మార్చి 4న కట్టేశారనుకోండి. మార్చి 15 బిల్లులో మళ్లీ 877 రూపాయలు కనబడతాయి. అసలు 38,000 మీద ఫిబ్రవరి 15 నుంచి మార్చి 4 వరకు 17 రోజుల వడ్డీ, దాని జీఎస్టీ అది. మోసం కాదు, వెనకబడిన వడ్డీ. ప్రమాదం ఎక్కడంటే, బాకీ తీరిపోయిందని ఆ బిల్లు తెరిచి చూడకపోవడంలో. ఆ కాస్త మొత్తం మీద లేటు ఫీజు పడుతుంది, రిపోర్టులో ఆలస్యం నమోదవుతుంది. పూర్తిగా తీర్చాక కూడా రెండు స్టేట్‌మెంట్లు తప్పక చూడాలి.

అపోహ: ఆటోపే (బిల్లు ఖాతా నుంచి దానంతటదే కట్టే ఏర్పాటు) పెట్టాం, ఇక చూసుకోనక్కర్లేదు.

బెంగళూరులో ఆటోపే విఫలమయ్యేది ఎక్కువగా ఉద్యోగం మారినప్పుడు. కొత్త కంపెనీ కొత్త శాలరీ అకౌంట్ తెరిపిస్తుంది. ఆటోపే మాత్రం పాత అకౌంట్ మీదే ఉంటుంది, అందులో డబ్బుండదు. చేరిన నెల జీతం ఆలస్యమైతే డ్యూ డేట్ దాటనే దాటుతుంది. ఇంకో చిక్కు: ఆటోపే పెట్టేటప్పుడు మినిమమ్, టోటల్ అని రెండు ఎంపికలుంటాయి. తొందరలో మినిమమ్ ఎంచుకున్నవాళ్లు నెలల తరబడి అంతా సవ్యంగా కడుతున్నామనే అనుకుంటారు. ఇవాళే యాప్ తెరిచి చూడండి.

డ్యూ డేట్ జీతానికి ముందు పడుతుంటే బిల్లింగ్ సైకిల్ (బిల్లు తయారయ్యే తేదీల క్రమం) మార్చమని అడగండి. కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఒకటో తేదీకల్లా జీతం వచ్చేవారికి డ్యూ డేట్ 4 నుంచి 8 మధ్య ఉంటే హాయి. డ్యూ డేట్ దాటి మూడు రోజులకు పైన అయితేనే లేటు ఫీజు వేయాలి, సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకు ఆలస్యం అని పంపాలి అన్నది కూడా అదే నిబంధనల్లో ఉంది. అయితే ఆ మూడు రోజులను గడువుగా వాడుకోకండి. ఆలస్యాన్ని డ్యూ డేట్ నుంచే లెక్కిస్తారు.

అపోహ: నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల్లో) అదనంగా ఏమీ పోదు.

వడ్డీ ఉంటుంది. అంత మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరు కట్టాలి. 30,000 ఫోనును 15 శాతం వడ్డీతో ఆరు నెలలకు పెడితే వడ్డీ సుమారు 1,270, దాని జీఎస్టీ 229, ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. అంటే వడ్డీ డిస్కౌంటులో పోగా, మీ చేతి నుంచి అదనంగా పోయేది దాదాపు 460 రూపాయలు. ఒకేసారి కట్టేవారికిచ్చే తగ్గింపు ఉంటే అదీ పోతుంది.

దీన్ని చూసి ఈఎంఐ అంటేనే భయపడకండి. ఇప్పటికే కట్టలేని బిల్లు ఉంటే, 42 శాతం మోయడం కన్నా డ్యూ డేట్ లోపల దాన్ని 14, 16 శాతం ఈఎంఐగా మార్చుకోవడం ఎంతో మేలు. నగల షాపు ఖర్చును, పెట్రోలును చాలా బ్యాంకులు మార్చవు. ఆ ఈఎంఐ ప్రతి నెలా బిల్లులో కలిసి వస్తుంది కాబట్టి, ఆ నెల టోటల్ కట్టకపోతే మళ్లీ మొదటికే వస్తారు.

అపోహ: నెలనెలా ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు రొటేట్ చేస్తే వడ్డీ తప్పించుకోవచ్చు.

బెంగళూరులో ఇల్లు మారాలంటే అడ్వాన్సే లక్షల్లో ఉంటుంది. చాలామందికి రొటేషన్ అక్కడే మొదలవుతుంది. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్ల (మన చెల్లింపులను వ్యాపారులకు చేర్చే కంపెనీల) మీద రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చాక పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సదుపాయాన్ని ఆపేశాయి. అద్దె పేరుతో కార్డు డబ్బు తిప్పే దారి అలా మూసుకుపోయి, ఇప్పుడు తెలిసిన షాపులో మెషిన్ మీద గీకి, నూటికి రెండు మూడు రూపాయలు కోసుకోగా మిగిలింది నగదుగా తెచ్చుకుని ఇంకో కార్డు బాకీకి కడుతున్నారు. లక్ష రూపాయలను నూటికి రెండున్నర మీద తిప్పితే నెలకు 2,500 పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. పైగా సరుకు లేకుండా గీకడం కార్డు ఒప్పందానికి విరుద్ధం. బ్యాంకు గమనిస్తే కార్డు నిలిపేస్తుంది, అప్పుడు మొత్తం బాకీ ఒకేసారి మీద పడుతుంది.

ఏటీఎంలో కార్డుతో నగదు తీయడం ఇంకా ఖరీదు. తీసిన రోజు నుంచే వడ్డీ, దానికి తోడు ఫీజు. కనీస ఫీజు 500 ఉన్న కార్డు మీద పది వేలు తీసి నెలకు కడితే ఫీజు, వడ్డీ, జీఎస్టీ అన్నీ కలిపి వెయ్యి రూపాయలవుతాయి.

అపోహ: కార్డు బాకీ తీర్చడానికి లోను తీసుకోవడం అప్పు మీద అప్పు చేయడమే.

ఎంత వడ్డీ నుంచి ఎంత వడ్డీకి మారుతున్నారన్నదే చూడాలి. మూడు కార్డుల మీద కలిపి 1,80,000 బాకీ ఉందనుకుందాం. 16 శాతానికి 24 నెలల పర్సనల్ లోను తీసుకుంటే ఈఎంఐ సుమారు 8,810. మొత్తం కట్టేది 2,11,500. అదే 8,810ని నెలనెలా కార్డులకే కడితే మొదటి నెల 7,430 వడ్డీకీ జీఎస్టీకే పోయి, అసలుకు 1,380 మాత్రమే జమ అవుతుంది. తీరడానికి 46 నెలలు, కట్టేది నాలుగు లక్షల పైన. లోను ప్రాసెసింగ్ ఫీజు కలుపుకున్నా తేడా ఎక్కడికీ పోదు.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చుకునే అప్పు ఇంకా చవక. వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీలో మూడో వంతుకు లోపే ఉంటుంది. అమ్మ నగలు తాకట్టు పెట్టడానికి మనసు ఒప్పదు, నిజమే. కానీ ఆ మొహమాటానికి నెలకు ఎంత కడుతున్నారో కాగితం మీద రాసి చూడండి. ఈ దారులన్నిటికీ షరతు ఒకటే: లోను డబ్బుతో కార్డులు తీర్చిన రోజే లిమిట్లు తగ్గించమని బ్యాంకుకు రాయాలి. ఖాళీ అయిన కార్డులను మళ్లీ గీకితే లోను, బాకీ రెండూ మిగులుతాయి. లోను దొరకనివారు అన్ని కార్డులకూ మినిమమ్ కడుతూ, మిగిలిన ప్రతి రూపాయినీ ఎక్కువ వడ్డీ ఉన్న కార్డుకే పెట్టాలి.

అపోహ: 30 శాతం మించి వడ్డీ వేయడం చట్టవిరుద్ధం.

జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అలా తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంకా ఆ పాత తీర్పు చూపించి వాదించే ఏజెంట్లకు డబ్బు కట్టకండి.

అపోహ: కొంచెం బాకీ ఉంచితే క్రెడిట్ స్కోరు పెరుగుతుంది.

పెరగదు, వడ్డీ మాత్రం పడుతుంది. స్కోరుకు కావలసింది సమయానికి కట్టడం, లిమిట్‌లో 30 శాతం లోపు వాడటం. నెలలో ఎక్కువ వాడాల్సి వస్తే స్టేట్‌మెంట్ తేదీకి ముందే కొంత కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపుతున్నాయి, మార్పు త్వరగానే కనబడుతుంది.

అపోహ: కట్టకుండా కూర్చుంటే బ్యాంకే సగానికి సెటిల్ చేస్తుంది.

సెటిల్‌మెంట్ దొరకవచ్చు. రిపోర్టులో మాత్రం ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని ఏళ్ల తరబడి నిలుస్తుంది, హోమ్ లోను అడిగిన రోజు అదే అడ్డొస్తుంది. మినిమమ్ కూడా కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద చేరుతుంది. శాలరీ అకౌంట్ అదే బ్యాంకులో ఉంటే, కార్డు షరతుల ప్రకారం అందులో డబ్బును పట్టి ఉంచే అధికారం సాధారణంగా బ్యాంకుకు ఉంటుంది. కట్టలేని పరిస్థితి వస్తే 90 రోజుల లోపే బ్యాంకుకు ఈమెయిల్ రాసి, బాకీని వాయిదాలుగా మార్చమని అడగాలి. సెటిల్‌మెంట్ తప్పనిసరైతే బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒప్పందం చేతికి వచ్చాకే, కార్డు ఖాతాకే కట్టాలి. ఏజెంట్ సొంత యూపీఐకి ఎప్పుడూ కాదు.

కార్డు బాకీ సివిల్ వ్యవహారం. ఇంటికి పోలీసులు వస్తారని బెదిరించే హక్కు రికవరీ ఏజెంటుకు లేదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్పష్టం చేసింది. ఊళ్లో ఉన్న నాన్నకో, ఆఫీసు హెచ్‌ఆర్‌కో ఫోన్ చేసి పరువు తీస్తే తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) సీఎంఎస్ అనే వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త: బ్యాంకుకు ఇచ్చిన ఆటో డెబిట్ మాండేటు (ఖాతా నుంచి నేరుగా డబ్బు తీసుకునే అనుమతి) ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోతే అది వేరే చట్టం కిందికి వస్తుంది. 2007 నాటి పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టవచ్చు. అలాంటి నోటీసు వస్తే పక్కన పడేయకుండా లాయరుకు చూపించండి.

అపోహ: కార్డు కత్తిరించి పారేస్తే ఖాతా మూసినట్టే.

ఖాతా అలాగే ఉంటుంది, ఏడాది ఫీజు పడుతూనే ఉంటుంది. మూయాలంటే రివార్డు పాయింట్లు వాడుకుని, వెనకబడిన వడ్డీతో సహా బాకీ సున్నా చేసి, రాతపూర్వకంగా అడగాలి. బాకీ లేకపోతే ఏడు పని రోజుల్లో బ్యాంకు మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకే కట్టాలి. బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, నెల తర్వాత క్రెడిట్ రిపోర్టు తెప్పించండి. ప్రతి బ్యూరో ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. ఖాతా ఇంకా తెరిచి ఉన్నట్టు చూపిస్తే బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు మీకుంది.