మొదటి వారం తగ్గింది కొవ్వు కాదు

అన్నం, రొట్టెలు, బంగాళదుంపలు మానేసిన వారానికే బరువు కిలో, రెండు కిలోలు తగ్గుతుంది. ఎంత సంతోషమో! మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే రెండు మూడు రోజుల్లో అదంతా తిరిగొచ్చేస్తుంది. తమకు పట్టుదల లేదని చాలామంది కుంగిపోయేది అప్పుడే. నిజానికి అందులో వాళ్ల తప్పేమీ లేదు.

మనం తిన్న పిండిపదార్థాలు చాలావరకు గ్లూకోజుగా మారతాయి. అప్పటికి అవసరం లేని గ్లూకోజులో కొంత గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది: కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే శరీరం ఈ నిల్వను వాడుకుంటుంది, దాంతోపాటు ఉన్న నీరు మూత్రంలో పోతుంది. నిల్వలో సగం, అంటే 250 గ్రాములు ఖర్చయితే తూకంలో కిలో తగ్గుతుంది. అందులో ముప్పావు కిలో నీళ్లే! మళ్లీ తిన్నాక నిల్వా నిండుతుంది, నీరూ చేరుతుంది. కొవ్వు అంత త్వరగా కరగదు, అంత త్వరగా పేరుకోదు కూడా.

మరి దీర్ఘకాలంలో? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని ఏడాదిపాటు పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రకటించింది. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదది. నాకు ముఖ్యంగా తోచింది వేరే ఉంది. చక్కెర, మైదా వీలైనంత తగ్గించి కూరగాయలు బాగా తినమని రెండు బృందాలకూ చెప్పారు.

పిండిపదార్థం ఎంత అన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఏ రూపంలో తింటున్నామో కూడా చూడాలి. 1977లో వెలువడిన ఒక చిన్న ప్రయోగం నాకు చాలా ఇష్టం. కొందరికి ఆపిల్ పండ్లను మామూలుగా ఒకసారి, గుజ్జుగా ఒకసారి, పీచు తీసిన రసంగా ఒకసారి ఇచ్చారు. మూడింట్లోనూ పిండిపదార్థం అంతే. అయినా పండు తినడంకన్నా రసం తాగడం 11 రెట్లు వేగంగా పూర్తయింది, కడుపు నిండిన భావన మాత్రం తక్కువ. నమిలే పని లేదు, పీచు లేదు, కాబట్టి త్వరగా ఆకలేసి ఇంకేదో తింటాం.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఎక్కువగా దొరికేది ముడి ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లలో. పిండిపదార్థాలన్నిటికీ భయపడి వీటినీ దూరం పెడితే పీచు కూడా పోతుంది, మలబద్ధకం మొదలుకావచ్చు.

డయాబెటిస్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. తిండి ఒక్కసారిగా మార్చి, మందు పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.