గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లే మన తిరుపతి వాళ్లకు: అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో జియాలజీ చెబుతాను. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు అక్కడి గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ గురించి అడుగుతుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: భూకంపానికి నేల చీలి ఆ లోయ ఏర్పడింది.
వాస్తవం: కొలరాడో నది కోసిన లోయ అది. దాదాపు 50, 60 లక్షల ఏళ్ల పని. రాళ్ల వయసు మాత్రం వేరు. పైన మనం నిలబడే సున్నపురాయి 27 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు. లోయ అడుగున ఉన్న రాళ్లు 170 కోట్ల ఏళ్లు దాటినవి.

అపోహ: అలాంటి వింతలు మన దగ్గర ఎక్కడున్నాయి?
వాస్తవం: ఒకటి తిరుమల ఘాట్ రోడ్డులోనే ఉంది. కింద 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దాని మీద సుమారు 160 కోట్ల ఏళ్ల నగరి క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. రెండూ కలిసే గీత దగ్గర 80 కోట్ల ఏళ్లకు పైగా కాలానికి రాతి ఆనవాళ్లే లేవు. గ్రాండ్ కాన్యన్‌లోనూ ఇలాంటి గీత ఉంది, కొన్నిచోట్ల అక్కడి ఖాళీ 120 కోట్ల ఏళ్లు. విమానం ఎక్కేముందు ఒకసారి మన గీత చూసి వెళ్లండి. అక్కడి గోడల్లో ఏం వెతకాలో కంటికి తెలుస్తుంది.

అపోహ: ఎడారి కదా, స్వెటర్ ఎందుకు?
వాస్తవం: సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు, దాదాపు 7,000 అడుగుల ఎత్తు. చలికాలంలో మంచు పడుతుంది.

అపోహ: అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లకు ఆ లోయలోకి దిగి రావడం ఒక లెక్కా?
వాస్తవం: కొండకు ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, దిగడానికి బస్సు ఉంటుంది. అక్కడ ముందు దిగాలి, అలిసిపోయాక ఎక్కాలి. ఎక్కడానికి దిగినదానికి రెండింతలు టైమ్ పడుతుంది. దారిలో అన్నిచోట్లా నీళ్లు దొరకవు, ఎండాకాలంలో అడుగున 40 డిగ్రీలు దాటుతుంది. నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావద్దని పార్క్ వాళ్లే చెబుతారు. మోకాళ్ల నొప్పులుంటే పైనుంచే చూడండి, అక్కడి నుంచీ పొరలన్నీ కనిపిస్తాయి.

అపోహ: అది మనుషులెవరూ లేని బీడు.
వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది. పుల్లలు చీల్చి మడిచి చేసిన చిన్న జంతువుల బొమ్మలు అక్కడి గుహల్లో దొరికాయి. అవి సుమారు 4,000 ఏళ్ల నాటివి. 1919లో నేషనల్ పార్క్ అయ్యేనాటికి హవాసుపాయ్ తెగవాళ్లు లోయలో సేద్యం చేస్తున్నారు. తర్వాత వాళ్లను అక్కడి నుంచి పంపించేశారు. 1975లో కొంత భూమి తిరిగి వాళ్లకు దక్కింది. లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ దారిలో వాళ్లు ఒకప్పుడు పంటలు పండించిన చోటికి 2022లో హవాసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు. లోయలోనే ఉన్న వాళ్ల ఊరు సుపాయ్‌కి ఇప్పటికీ కారు వెళ్లదు, ఉత్తరాలు కంచరగాడిదల మీదే వెళ్తాయి. ఆ ఊరు చూడాలంటే ముందే ఆ తెగ దగ్గర అనుమతి తీసుకోవాలి.