బ్రిటన్‌లో పెట్రోల్ ట్యాంకర్లు నడపడానికి సైన్యం ఎందుకు రావాల్సి వచ్చింది?

2021 అక్టోబర్ 4న లండన్‌కు ఉత్తరాన, హెమెల్ హెంప్‌స్టెడ్ దగ్గరి బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలోకి సైనిక దుస్తుల్లో డ్రైవర్లు అడుగుపెట్టారు. అప్పుడు యుద్ధం లేదు, సమ్మె లేదు. రిఫైనరీల్లో పెట్రోలు ఉంది, డిపోల్లోనూ ఉంది. దాన్ని బంకుల దాకా చేర్చే మనుషులే చాలలేదు. సెప్టెంబర్ ఆఖర్లో కొన్ని బంకులు మూయక తప్పడం లేదని బీపీ కంపెనీ చెప్పినట్టు బయటికి పొక్కగానే జనం కార్లతో బారులు తీరారు. రెండు మూడు రోజుల్లో ఊళ్లకు ఊళ్లలో పంపులు ఎండిపోయాయి. ప్రభుత్వం 200 మంది దాకా సైనికులను దింపింది. వాళ్లలో డ్రైవర్లు 100 మంది.

కోవిడ్ వల్ల లైసెన్సు పరీక్షలు ఆగిపోయాయనీ, బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ తప్పుకోవడం) తరవాత తూర్పు యూరప్ డ్రైవర్లు వెళ్లిపోయారనీ అప్పట్లో అందరూ చెప్పారు. అవి నిజమే. అయితే ఆ రెండూ రాకముందే ఈ వృత్తి నాలుగు దశాబ్దాలుగా ముక్కలవుతూ వచ్చింది. ట్యాంకర్లు కట్టిన కార్ఖానాలు, వాటిని నడిపిన కంపెనీలు, వాటిలో తలనెరిసిన డ్రైవర్లు ఒక్కొక్కరుగా కనుమరుగయ్యారు. ఆ కథ తెలియకపోతే 2021 అర్థం కాదు.

మొదట్లో బ్రిటన్‌లో పెట్రోలు రెండు గాలన్ల డబ్బాల్లో అమ్మేవారు. షెల్, బీపీ, ప్రాట్స్ పేర్లున్న ఆ డబ్బాలు కిరాణా కొట్లలోనూ దొరికేవి. కిరసనాయిలు మాత్రం గుర్రపు బండి మీది ట్యాంకులో వీధివీధికీ వచ్చేది. బర్క్‌షైర్‌లోని ఆల్డర్‌మాస్టన్ దగ్గర ఆటోమొబైల్ అసోసియేషన్ దేశంలో మొదటి పెట్రోల్ బంకు పెట్టింది 1919–20 ప్రాంతంలో. బంకు వచ్చిందంటే భూమిలో ట్యాంకు వచ్చినట్టే, ఆ ట్యాంకు నింపాలంటే లారీ మీద ట్యాంకు కావాలి. డబ్బాలు పోయి ట్యాంకర్లు వచ్చింది అలాగే.

ఇక్కడ స్కామెల్ అనే పేరు దగ్గర కాస్త ఆగాలి. వాట్‌ఫర్డ్‌లోని ఈ లారీల కంపెనీ, ముందు ఇంజిన్ బండి, వెనక దానికి తగిలించిన ట్రైలర్ అనే పద్ధతిని బ్రిటన్‌లో నిలబెట్టింది. 1920లలో వాళ్లు చేసిన పెద్ద పని ఫ్రేము లేని ట్యాంకర్. అంతకుముందు ఉక్కు దూలాల ఛాసిస్ మీద ట్యాంకును పెట్టి బిగించేవారు. దూలాల బరువు, ట్యాంకు బరువు రెండూ బండే మొయ్యాలి. గుండ్రటి ట్యాంకుకే బోలెడంత గట్టిదనం ఉంటుంది కదా, దూలాలెందుకు అని స్కామెల్ ఇంజనీర్లు ఆలోచించారు. ట్యాంకు ముందు భాగాన్ని ఇంజిన్ బండి కొక్కేనికీ, వెనక భాగాన్ని చక్రాల ఇరుసుకూ నేరుగా కలిపారు. మధ్యలో ఛాసిస్ లేదు, ట్యాంకే ఛాసిస్. మిగిలిన బరువంతా సరుకుగా మారింది. ఇవాళ మన హైవేల మీద కనిపించే పెద్ద గ్యాస్ ట్రైలర్లలోనూ ఈ ఆలోచనే ఉంది. వందేళ్లు నిలిచిన ఆలోచనకు దక్కాల్సినంత పేరు దానికి దక్కలేదని నా అభిప్రాయం.

ట్యాంకు కట్టడం రేకు వంచి అతికించడంతో అయిపోయే పని కాదు. నిండు కుండ తొణకదు, ట్యాంకూ అంతే. సగం ఖాళీ అయ్యాకే ప్రమాదం. బ్రేకు వేస్తే టన్నుల ద్రవం ముందుకు ఉరుకుతుంది, మలుపులో పక్కకు వాలుతుంది. అందుకే లోపల గదులు కడతారు, రంధ్రాలున్న అడ్డుపలకలు పెడతారు. పెట్రోల్ ట్యాంకును కోలగా చేయడానికి కారణం కూడా బరువు కిందికి ఉండాలనే. ఏ ద్రవానికి ఏ లోహం అన్నది ఇంకో చదువు. గాఢ గంధకికామ్లాన్ని (సల్ఫ్యూరిక్ యాసిడ్) మామూలు ఉక్కు ట్యాంకులో మోయవచ్చు. నీళ్లు కలిసి పలచబడితే అదే ఆమ్లం ఆ ఉక్కును తినేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి లోపల రబ్బరు పూత ఉండాలి. పాలకు స్టెయిన్‌లెస్ స్టీలు. తారు గడ్డకట్టకుండా ట్యాంకు చుట్టూ కవచం, లోపల వేడి చేసే గొట్టాలు. గంధకికామ్లం నీటికంటే దాదాపు రెండింతలు బరువు, కాబట్టి అదే పెద్ద లారీ మీద ట్యాంకు చిన్నదిగా కనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ట్యాంకు ఆకారం చూసి లోపల ఏముందో చెప్పేస్తారు.

ఈ చదువు వంటబట్టిన కార్ఖానాలు ఇంగ్లండ్‌లో చిన్న చిన్న ఊళ్లలో ఉండేవి. బిల్‌స్టన్‌లో థాంప్సన్ బ్రదర్స్. వీళ్లు పెట్రోల్ ట్యాంకులతో పాటు విమానాలకు ఇంధనం పోసే బళ్లూ చేశారు. యార్క్‌షైర్‌లోని షిప్లీలో బటర్‌ఫీల్డ్. నార్‌ఫోక్‌లోని డెరమ్‌లో క్రేన్ ఫ్రూహాఫ్. గ్లాస్టర్ దగ్గర హకిల్‌కోట్‌లో గ్లాస్టర్ సారో. బ్రిటన్ మొదటి జెట్ విమానం ఎగిరించిన గ్లాస్టర్ కంపెనీ చోటే అది. విమానాల పని తగ్గాక అల్యూమినియం రేకుతో తేలిగ్గా, గట్టిగా కట్టే ఆ నేర్పు ట్యాంకర్లలోకి వచ్చింది. 1964లో బ్రిటన్ రోడ్ల మీద లారీ మొత్తం బరువు పరిమితిని 32 టన్నులకు పెంచారు. 1983లో 38, 2001లో 44 అయింది. పరిమితి ఎంతైనా, బండి సొంత బరువులో తగ్గించిన ప్రతి కిలో సరుకు లెక్కలోకే చేరుతుంది. అల్యూమినియం ట్యాంకులకు గిరాకీ అందుకే.

రవాణా కంపెనీలు కూడా పరిశ్రమలున్న చోటే పుట్టాయి. గాజు, రసాయనాల ఊరు సెయింట్ హెలెన్స్‌లో సట్టన్స్. ఉన్ని మిల్లుల యార్క్‌షైర్‌లో, హెక్‌మండ్‌వైక్ అనే చిన్న పట్టణంలో హెరాల్డ్ వుడ్. థేమ్స్ ఒడ్డున బార్కింగ్‌లో క్రో క్యారీయింగ్. సోమర్సెట్‌లోని విన్‌కాంటన్ ఊరి పేరే పెట్టుకున్న కంపెనీ 1925లో పాలు మోయడంతో మొదలైంది. పల్లెల్లో పాల క్యాన్లు ఎత్తుకునే పద్ధతి 1979లో ముగిసి అంతా ట్యాంకర్లే అయ్యేసరికి అది దేశంలోని పెద్ద రవాణా సంస్థల్లో ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లేబర్ ప్రభుత్వం 1947 చట్టంతో దూరప్రాంత లారీ రవాణాను జాతీయం చేసింది. ప్రైవేటు లారీ తన స్థావరం నుంచి 25 మైళ్లు దాటకూడదన్నారు. ట్యాంకుల్లో ద్రవాలు మోయడాన్ని ఆ కట్టడి నుంచి తప్పించారు. అది ప్రత్యేకమైన పని అని పార్లమెంటు కూడా ఒప్పుకున్నట్టే. అలా కొన్ని కుటుంబ కంపెనీలు బతికి బట్టకట్టాయి. రైల్వేల చేతిలో ఉన్న పిక్‌ఫోర్డ్స్ అనే రవాణా కంపెనీ మాత్రం వాటితో పాటే ప్రభుత్వపరమైంది. దాని ట్యాంకర్ల విభాగం 1969లో మొదలైన నేషనల్ ఫ్రైట్ కార్పొరేషన్ కిందికి వెళ్లింది. 1982 ఫిబ్రవరిలో థాచర్ ప్రభుత్వం ఆ కార్పొరేషన్‌ను అమ్మేసినప్పుడు కొన్నది అందులో పనిచేసేవాళ్లే. సుమారు 10,000 మంది ఉద్యోగులు తలా కొంత వేసుకుని 5.35 కోట్ల పౌండ్లకు దక్కించుకున్నారు. కార్మికులే యజమానులైన ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. 1989లో వాటాలు స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. పేరు ఎక్సెల్‌గా మారి, 2005లో జర్మన్ తపాలా సంస్థకు చెందిన డీహెచ్‌ఎల్‌లో కలిసిపోయింది.

పెట్రోలు దారి వేరు. షెల్, బీపీ 1932 నుంచి బ్రిటన్‌లో ఉమ్మడిగా అమ్మకాలు సాగించాయి. ఎస్సో అనే ఇంకో చమురు కంపెనీ వేరుగా ఉండేది. వీళ్ల ట్యాంకర్లు వీళ్లవే, డ్రైవర్లూ వీళ్ల ఉద్యోగులే. యుద్ధకాలంలో కంపెనీల పేర్లు చెరిపేసి అంతా ‘పూల్’ పేరుతో ఒకే సరుకుగా పంచారు. 1953లో బ్రాండ్లు తిరిగొచ్చినప్పుడు ట్యాంకర్ల మీద రంగులు కూడా తిరిగొచ్చాయి. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు లివర్‌పూల్‌లో తయారైన డింకీ బొమ్మల్లో ఎస్సో పేరున్న లేలాండ్ ఆక్టోపస్ లారీ, రీజెంట్ అనే పెట్రోల్ బ్రాండు పేరున్న ఫోడెన్ లారీ, ఈ ట్యాంకర్లే మొదటి పరిచయం. ఆ బొమ్మల్ని దాచుకున్నవాళ్లు ఇప్పుడు తాతలు.

చమురు కంపెనీ డ్రైవర్ ఉద్యోగమంటే లారీ డ్రైవర్లలో పెద్ద మర్యాద. జీతం మెరుగు, పింఛను ఖాయం, యూనియన్ బలం. పని కూడా అంత బాధ్యత గలది. డిపోలో ట్యాంకు పైకెక్కి, ఒక్కో మూత తెరిచి, గది గదికీ పెట్రోలు పట్టుకోవాలి. బంకుకు వెళ్లాక గీతలు చెక్కిన కొలబద్దను ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, భూగర్భ ట్యాంకులో చోటుందో లేదో కూడా కొలిచి, అప్పుడు గొట్టం బిగించాలి. వానలో, మంచులో, జారే అల్యూమినియం మీద నిలబడి చేసే పని అది. కింది నుంచి నింపి, ఆవిరిని వెనక్కి పట్టే పద్ధతి 1990లలో స్థిరపడేదాకా ఇదే వరస.

1978 డిసెంబర్‌లో ఈ డ్రైవర్లు ఓవర్‌టైమ్ మానేస్తే జేమ్స్ కాలహన్ ప్రభుత్వం వణికింది. సైన్యం చేత ట్యాంకర్లు నడిపించే పథకం అప్పుడే తయారైంది. దాని పేరు ఆపరేషన్ డ్రమ్‌స్టిక్. అమలు చేసే అవసరం రాలేదు. జనవరిలో దాదాపు 15 శాతం పెంపుతో డ్రైవర్లు పనిలోకి వచ్చారు. అంత బేరమాడగల శక్తి వాళ్లకు ఉండేది. ఆ తరవాత చమురు కంపెనీలు రవాణాను కాంట్రాక్టుకు ఇవ్వడం మొదలుపెట్టాయి. కొన్నేళ్లకోసారి కొత్త టెండరు, కొత్త కాంట్రాక్టరు. బండి మీద గుర్తు పాతదే, జీతం ఇచ్చే చెయ్యి మారేది. 2008 జూన్‌లో షెల్ బంకులకు సరుకు చేర్చే 600 మందికి పైగా డ్రైవర్లు నాలుగు రోజులు సమ్మె చేశారు. వాళ్లలో ఒక్కరూ షెల్ ఉద్యోగి కారు. హోయర్, సక్లింగ్ అనే రెండు కాంట్రాక్టు సంస్థల మనుషులు. రెండేళ్లలో 14 శాతం పెంపు ఒప్పుకున్నాకే గొడవ సద్దుమణిగింది. 2012లో మళ్లీ సమ్మె మాట వినిపించినప్పుడు వాళ్ల డిమాండ్లలో శిక్షణ, భద్రతలకు దేశమంతటికీ ఒకే ప్రమాణం కావాలన్నది ముఖ్యం. పెట్రోలియం డ్రైవర్ పాస్‌పోర్ట్ అనే ధ్రువపత్రం దాని ఫలితమే.

భద్రత గురించి చెప్పేటప్పుడు మన రోడ్ల మాట కూడా వస్తుంది. విశాఖ నుంచో, హైదరాబాద్ శివార్లలోని చర్లపల్లి నుంచో వచ్చే పెట్రోల్ ట్యాంకర్ మీద ఒక పలక ఉంటుంది. దాని మీద 1203 అనే అంకె, ‘3వైఈ’ అనే గుర్తు ఉంటాయి. 1203 ఐక్యరాజ్యసమితి పెట్రోలుకు ఇచ్చిన సంఖ్య. రెండోది హజ్‌కెమ్ సంకేతం, 1970లలో లండన్ అగ్నిమాపక దళం తయారుచేసింది. మూడు అంటే నీళ్లు కొట్టొద్దు, నురగ వాడాలని. వై అంటే శ్వాస పరికరం పెట్టుకోవాలి, ద్రవాన్ని మురుగుకాలవల్లోకి పోనివ్వకూడదు, పేలుడులా రేగవచ్చు జాగ్రత్త అని. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమని. బోల్తా పడ్డ బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చే మనిషికి పుస్తకం తిరగేసే తీరిక ఉండదు, మూడు అక్షరాల్లో చెప్పాలి. ఇంత మేలైన ఆలోచన మన దాకా వచ్చినా, ట్యాంకర్ పడితే బిందెలు పట్టుకుని వెళ్లేవాళ్లకు ఆ పలక భాష ఎవరూ నేర్పలేదు. ప్రాణాలు పోతున్నాయి. బంకుల్లోనూ పాఠశాలల్లోనూ దీన్ని నేర్పాలి.

బ్రిటన్ కార్ఖానాల సంగతికి వస్తే, స్కామెల్ వాట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. అంతకుముందు ఏడాదే దాని యజమాని లేలాండ్ లారీల వ్యాపారాన్ని డచ్చి కంపెనీ డాఫ్ తీసుకుంది. మిగిలిన ట్యాంకు కార్ఖానాల్లో చాలావరకు విలీనాల్లో, మూసివేతల్లో పోయాయి. కొత్త ట్యాంకర్లు విదేశాల నుంచి రావడం ఎక్కువైంది. దక్షిణాఫ్రికాలో తయారైన కొన్ని పెట్రోల్ ట్యాంకర్ల వెల్డింగ్ నిబంధనలకు తగ్గట్టు లేదని 2013లో బయటపడింది. వాటిని ఒక్కసారిగా ఆపేస్తే బంకులకు సరఫరా ఏమవుతుందో అన్న భయంతో ప్రభుత్వం షరతులు పెట్టి కొంతకాలం నడవనిచ్చి, పరిశోధనలు చేయించింది. అతుకు చూసి మంచిచెడ్డలు చెప్పగల పాత వెల్డర్లున్న ఊళ్లలో అప్పటికి ఆ కార్ఖానాలు లేవు.

2021లో ప్రభుత్వం ట్యాంకర్ డ్రైవర్ల కోసం 300 తాత్కాలిక వీసాలు ప్రకటించింది. గడువు 2022 మార్చి ఆఖరు దాకా. అంత కొద్ది నెలల కొలువు కోసం దేశం మారి వచ్చేవాళ్లు తక్కువ. డ్రైవర్లకు జీతాలు పెంచిన కంపెనీలు మాత్రం మనుషుల్ని సంపాదించుకోగలిగాయి. పాత కుటుంబ కంపెనీల్లో సట్టన్స్ ఇప్పటికీ ట్యాంకర్ల కాడి వదల్లేదు. విన్‌కాంటన్‌ను 2024లో అమెరికా సంస్థ జీఎక్స్‌ఓ కొనేసింది.