ఐఎస్ఓ తగ్గిస్తే నాయిస్ తగ్గదు: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఆల్బమ్‌లు ఎడిట్ చేసే నాకొచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "అన్నా, ఫైళ్లు కొంచెం డార్క్‌గా వచ్చాయి. ఐఎస్ఓ మాత్రం ఎక్కడా 800 దాటనివ్వలేదు. లైట్ పెంచితే గ్రెయిన్స్ వస్తున్నాయి, ఎలాగైనా క్లీన్ చెయ్యి." ఐఎస్ఓ అంటే ఫోటోను కెమెరా ఎంత వెలుగు పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్. నాయిస్, గ్రెయిన్స్ అంటే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు. ఆల్బమ్ ఎడిటింగ్‌లో ఎక్కువ ఫోటోలను పాడుచేస్తున్నది ఈ నమ్మకమే.

అపోహ: ఐఎస్ఓ తక్కువ పెట్టి తీసి, తర్వాత లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) పెంచుకుంటే నాయిస్ రాదు.

వాస్తవం: నాయిస్‌కు అసలు కారణం ఐఎస్ఓ కాదు, సెన్సర్ మీద వెలుతురు చాలినంత పడకపోవడం. షట్టర్ (వెలుతురు పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) కదపకుండా ఐఎస్ఓ ఒక్కటే 3200 నుంచి 400కి దించితే, సెన్సర్ మీద పడే వెలుతురు రవ్వంత కూడా పెరగదు. ఫోటో మాత్రం మూడు స్టాపులు చీకటవుతుంది, ఒక్కో స్టాపుకు ఫోటో వెలుగు సగమవుతుంది. ఆ మూడు స్టాపులూ కంప్యూటర్లో లాగితే ఉన్న నాయిస్ అంతా పైకి వస్తుంది. చాలా కెమెరాల్లో 3200 పెట్టి సరిగ్గా తీసినదానికంటే ఎక్కువే కనిపిస్తుంది. కెమెరాయే కుదించి ఇచ్చే జేపెగ్ ఫైల్ అయితే మరీ ఘోరం. ఒక్కో రంగుకు ఉండేవే 256 మెట్లు, బాగా చీకటిగా ఉన్న భాగానికి వాటిలో దక్కేవి కొన్నే. సెన్సర్ డేటా ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ రా (RAW) ఫైల్లో 16,384 ఉంటాయి కాబట్టి అది కొంత తట్టుకుంటుంది.

ఈ మధ్య ఒక తమ్ముడు తెల్లవారుజాము ముహూర్తం ఫైళ్లు పంపాడు. జీలకర్ర బెల్లం షాట్లన్నీ ఐఎస్ఓ 400, అన్నీ జేపెగ్‌లే. లైట్ పెంచగానే నల్లటి జడలో ఆకుపచ్చ, ఊదా మచ్చలు తేలాయి. చుక్కలను నునుపు చేసే ల్యూమినెన్స్ స్లైడర్ 80 దాకా తోస్తే నాయిస్ పోయింది. దాంతోపాటే పట్టుచీర అంచులో జరీ పోగులన్నీ కలిసిపోయి పసుపు పెయింట్ పూసినట్టయింది. గోరింటాకు గీతలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఏది జరీ పోగో, ఏది నాయిస్ చుక్కో ఆ స్లైడర్‌కు తెలియదు. చివరికి 35 దగ్గర ఆపి, కళ్లకూ చీర అంచుకూ మాస్క్ వేసి ఇంకా తగ్గించి, మిగిలిన గ్రెయిన్ అలాగే ఉంచాను. పార్టీ డబ్బులు ఆపేస్తారేమోనని ఆ అబ్బాయి పడ్డ టెన్షన్ చూస్తే జాలేసింది. ఈ 800 లెక్క పాత కెమెరాల నాటిది. ఇంకా దాన్నే కుర్రాళ్లకు నూరిపోస్తున్న సీనియర్ల మీదే నా కోపం.

మండపంలో లైట్ తక్కువగా ఉంటే అపర్చర్ 2.8, షట్టర్ 1/125 దగ్గర పెట్టుకుని 3200కో 6400కో ధైర్యంగా వెళ్లండి. రాలో తీయండి. ముఖం మీద వెలుతురు సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి.

"ఏఐ ఉందిగా, ఎలా తీసినా పర్లేదు" అనేది ఇంకో మాట. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ అనే ఏఐ టూల్ నిజంగా గొప్పది, నేనూ రోజూ వాడతాను. అయితే అది రా ఫైళ్ల కోసం చేసింది. ఫోన్ యాపుల సంగతి వేరు, లేని వివరాన్ని అవి కల్పిస్తాయి. వాళ్ల నాన్నగారి పెద్దకర్మకు ఫ్రేమ్ కట్టించాలని ఒకావిడ అలా యాప్‌లో క్లీన్ చేసిన ఫోటో తెచ్చారు. ముఖం నున్నగా మెరుస్తోంది. "మా నాన్నలా లేరండీ" అని ఆవిడే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాట్సాప్‌లో తిరిగింది కాకుండా అసలు ఫైల్ వెతకమంటే వాళ్ల తమ్ముడి ఫోన్‌లో దొరికింది. రంగు మచ్చలు (కలర్ నాయిస్) ఒక్కటే తీసి, గ్రెయిన్ ఉంచి, ఫ్రేమ్ సైజు కొంచెం తగ్గించాను. ఆయన ముఖం ఆయనకే ఉంది.

మిగతావి చిన్నవే. వంద శాతం జూమ్ చేసి కంగారు పడకండి. 24 మెగాపిక్సెల్ ఫోటోను ఆల్బమ్‌లో 6x9 అంగుళాలకు వేస్తే అయిదు పిక్సెళ్ల దాకా కలిసి ఒకటవుతాయి, నాయిస్ సగానికి పైగా అణిగిపోతుంది. షార్పెనింగ్ డీనాయిస్ తర్వాతే. ఫోన్ కెమెరాలో నాయిస్ లేకపోవడం కూడా ఉత్తిదే, వరుసగా తీసిన ఫ్రేములు కలిపి అది దాన్ని అణచేస్తుంది.

ఎడిటింగ్‌కు ఇచ్చేటప్పుడు రా ఫైళ్లే ఇవ్వండి. జేపెగ్‌లే ఉంటే లైట్ పెంచకుండా, ఏ యాప్‌లోనూ స్మూత్ చేయకుండా ఉన్నవి ఉన్నట్టు పంపండి. నాయిస్ ఉన్న ఫైల్‌తో ఎంతో కొంత చేయొచ్చు, చెరిపేసిన జరీని మాత్రం తిరిగి తేలేం.