హెచ్ఐవి ఎదుట అందరి రక్తం ఒకటి కాదు

హెచ్ఐవి సోకినవారు మందులు వాడకపోతే ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. ఈ సగటు కింద చాలా తేడాలు మరుగునపడతాయి. కొందరు రెండు మూడేళ్లకే మంచం పడతారు. కొందరు ఒక్క మాత్ర కూడా వేసుకోకుండా ఇరవై ఏళ్లు దాటినా నిక్షేపంగా ఉంటారు. వైరస్ ఎన్నిసార్లు ఎదురైనా అసలు సోకనివారు ఇంకొందరు. వైరస్ రకం, వయసు, ఇతర జబ్బులు అన్నీ లెక్కలోకి వస్తాయి. వాటితోపాటు తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులూ వస్తాయి. అయితే సోకకుండా ఆపే జన్యువులు వేరు, సోకాక జబ్బును నెమ్మదింపజేసేవి వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా అపోహలు పుట్టాయి.

మొదటిదాని కథలో న్యూయార్క్ చిత్రకారుడు స్టీఫెన్ క్రోన్ ఉంటాడు. ఆయన సహచరుడు 1982లోనే ఎయిడ్స్‌తో చనిపోయాడు. తర్వాత స్నేహితులు ఒక్కొక్కరే పోయారు. క్రోన్‌కు మాత్రం వైరస్ సోకలేదు. ఎందుకో చూడండంటూ 1990లలో ఆయనే తన రక్తాన్ని పరిశోధకులకు ఇచ్చాడు. ఆరన్ డైమండ్ ఎయిడ్స్ పరిశోధన కేంద్రంలో బిల్ పాక్స్‌టన్ ఆ రక్తంలోంచి హెచ్ఐవి దాడిచేసే సీడీ4 అనే తెల్లరక్తకణాలను వేరుచేసి వాటి మీద హెచ్ఐవిని వదిలాడు. మోతాదు పెంచుకుంటూ పోయినా ఆ కణాలు లొంగలేదు.

జవాబు 1996లో దొరికింది. ఆ కణాల మీదుండే సీడీ4 అనే ప్రొటీన్‌ను పట్టుకున్నంత మాత్రాన హెచ్ఐవి కణంలోకి పోజాలదు. పక్కనుండే సీసీఆర్5 అనే మరో ప్రొటీన్‌నూ పట్టుకోవాలి. శరీరంలో ఎక్కడైనా వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే అక్కడికి రమ్మని తెల్లరక్తకణాలకు అందే రసాయన సంకేతాలను గుర్తించడం ఈ ప్రొటీన్ అసలు పని. దీన్ని తయారుచేసే జన్యువులో క్రోన్‌కు 32 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయాయి. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. 32 మూడుతో భాగింపబడదు కాబట్టి, ఆ ఖాళీ తర్వాత లెక్కంతా తప్పుతుంది. తయారయ్యే ప్రొటీన్ మధ్యలోనే తెగి, కణం పైపొరకు చేరకుండా లోపలే ఉండిపోతుంది. ఇక వైరస్‌కు పట్టు దొరకదు. ఈ మార్పునే డెల్టా 32 అంటారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి రెండు ప్రతులూ ఇలాంటివైతేనే ఆ రక్షణ. ఒక్కటే ఉంటే వైరస్ సోకుతుంది, కాకపోతే ఎయిడ్స్ దశ రెండు మూడేళ్లు వెనక్కి జరుగుతుంది. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో సుమారు నూటికి ఒకరికి రెండు ప్రతులూ ఉంటాయి. ఆఫ్రికా, తూర్పు ఆసియా ప్రజల్లో ఈ మార్పు దాదాపు కనిపించదు. అంటే హెచ్ఐవి అందరికన్నా ఎక్కువగా దెబ్బతీసిన ఆఫ్రికాలోనే ఈ రక్షణ లేదు. అసలది హెచ్ఐవి కోసం పుట్టిందీ కాదు. ఈ వైరస్ చింపాంజీల నుంచి మనిషికి వచ్చి నూరేళ్లు దాటిందంతే. డెల్టా 32 వయసు వేల ఏళ్లు.

దీన్ని నమ్ముకుని ధీమాగా ఉండడానికీ లేదు. కొన్ని హెచ్ఐవి రకాలు సీసీఆర్5ను వదిలేసి సీఎక్స్‌సీఆర్4 అనే వేరే ప్రొటీన్‌తో పని కానిస్తాయి. రెండు ప్రతులూ ఉండి కూడా అలా వైరస్ సోకినవారు అరుదుగానైనా ఉన్నారు. పైగా సీసీఆర్5 లేనివారికి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు బయటపడే ముప్పు ఎక్కువ. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల్లో ఈ జన్యువునే కత్తిరించి కవల ఆడపిల్లల పుట్టుకకు కారకుడయ్యాడు. తేవాలనుకున్న మార్పు సరిగ్గా ఆ 32 అక్షరాలదైనా కాలేదు. ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష పడింది. సోకకుండా చూసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారులున్న జబ్బు కోసం పసిపిల్లల జన్యువులతో ఆడుకోవడాన్ని సమర్థించే వాదన నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

డెల్టా 32 వల్ల మేలు జరగలేదని కాదు. బెర్లిన్‌లో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న టిమొతీ రే బ్రౌన్‌కు రెండు ప్రతులూ ఉన్న దాత నుంచి రక్తకణాలను పుట్టించే మూలకణాలను తీసి 2007లో ఎక్కించారు, మరుసటి ఏడు ఇంకోసారి ఎక్కించారు. ఆయన హెచ్ఐవి నుంచి పూర్తిగా బయటపడ్డాడు. క్యాన్సర్ లేనివారికి అంత ప్రమాదకరమైన చికిత్స తగదు. సీసీఆర్5కు అడ్డుపడే మారావిరాక్ అనే మాత్ర మాత్రం 2007లోనే వాడుకలోకి వచ్చింది.

ఇలాంటి జన్యువులు ఇంకా ఉండాలి కదా? 1980లలో కలుషితమైన రక్త ఉత్పత్తులు ఎక్కించుకుని కూడా హెచ్ఐవి సోకని హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు) రోగుల జీనోములను, అంటే మొత్తం జన్యువుల రాతను, గాలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. స్పష్టంగా తేలింది డెల్టా 32 ఒక్కటే.

సోకాక ఏమవుతుందన్నది ఇంతకన్నా లోతైన కథ. అందులో ముఖ్యపాత్ర 6వ క్రోమోజోము మీద ఉండే హెచ్ఎల్ఏ జన్యువులది. ప్రతి కణం తన లోపలి ప్రొటీన్లను ముక్కలు చేసి, కొన్నింటిని హెచ్ఎల్ఏ అణువుల దోసిట్లో పెట్టి బయటికి చూపిస్తుంది. అటుగా తిరిగే కిల్లర్ టి కణాలు అనే రక్షక కణాలు ఆ ముక్కను చూసి, వైరస్‌దని గుర్తిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. ఏ ముక్క అందులో ఇముడుతుందన్నది మన హెచ్ఎల్ఏ రకం తేలుస్తుంది. 2010లో పెద్ద ఎత్తున జీనోములను వెతికినప్పుడు, వైరస్‌ను తమంతట తామే అదుపు చేసుకోగలిగినవారికీ మిగతావారికీ మధ్య బలమైన తేడాలన్నీ ఈ ప్రాంతంలోనే కనిపించాయి. హెచ్ఎల్ఏ-బి అణువులో ముక్క ఇమిడే చోట 67, 70, 97వ స్థానాల్లోని అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) వాటిలో కీలకం.

హెచ్ఎల్ఏ-బిలో బి57 అనే రకాన్ని తీసుకోండి. అది చూపించే ముక్కల్లో టీడబ్ల్యూ10 ఒకటి. హెచ్ఐవి తన జన్యుపదార్థం చుట్టూ కట్టుకునే కాప్సిడ్ అనే తొడుగులోని పది అమైనో ఆమ్లాల తునక అది. టి కణాలు దాని మీద పడేసరికి వైరస్ మూడో స్థానంలోని థ్రియోనిన్‌ను తీసేసి ఆస్పరజిన్‌ను పెట్టుకుంటుంది. అలా తప్పించుకుంటుంది గానీ, తొడుగు పటిష్ఠత దెబ్బతిని మునుపటంత చురుగ్గా పెరగలేకపోతుంది. అదే వైరస్ బి57 లేని మనిషికి సోకితే, ఆ మార్పును చాలాసార్లు వెనక్కి తీసేసుకుంటుంది. అది మోయడం దానికి ఎంత భారమో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. బి35లోని కొన్ని రకాలు ఉన్నవారిలో ఇందుకు భిన్నంగా జబ్బు త్వరగా ముదురుతుంది.

బి57 ఉన్నవారంతా గట్టెక్కుతారనుకోకండి. వారిలోనూ చాలామందికి మందులు లేకపోతే జబ్బు ముదురుతుంది. మనిషికీ మనిషికీ రక్తంలోని వైరస్ మోతాదులో కనిపించే తేడాలో పావు వంతుకే హెచ్ఎల్ఏ, సీసీఆర్5 తేడాలు కారణమవుతున్నాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. బి57లోని 01 రకం ఉన్నవారికి అబాకవిర్ అనే హెచ్ఐవి మందు ఇస్తే ప్రాణం మీదికి తెచ్చే ప్రతిచర్య రావచ్చు. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ జన్యువు ఉందో లేదో పరీక్ష చేస్తారు. రోజువారీ వైద్యంలో ఈ పరిశోధనలు ఇప్పటికి తెచ్చిన సూటి ప్రయోజనం బహుశా ఇదే. ఎందుకంటే, క్రమం తప్పకుండా మందులు వాడేవారి విషయంలో జన్యువుల తేడాకు పెద్ద ప్రాధాన్యం మిగల్లేదు. బి35 ఉన్నా దాదాపు పూర్తి ఆయుష్షు బతకవచ్చు.

ఇన్నాళ్లూ ఈ వెతుకులాటలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్నవారి మీదే సాగింది. ఆఫ్రికా మూలాలున్న సుమారు 4,000 మంది హెచ్ఐవి బాధితుల జీనోములను చూసిన బృందం 2023లో ఒక కొత్త సంగతి బయటపెట్టింది. 1వ క్రోమోజోము మీద సీహెచ్‌డీ1ఎల్ అనే జన్యువు దగ్గర కొన్ని మార్పులున్నవారి రక్తంలో వైరస్ తక్కువగా ఉంటోంది. ఆ మార్పులు ఆఫ్రికా మూలాలవారిలోనే ఉన్నాయి కాబట్టి పాత అధ్యయనాలకు అవి చిక్కే వీలే లేదు. ప్రయోగశాలలో ఆ జన్యువును పనిచేయకుండా చేస్తే సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాల్లో హెచ్ఐవి మరింతగా పెరిగింది, టి కణాల్లో మాత్రం తేడా రాలేదు. మాక్రోఫేజ్‌లలో ఆ జన్యువు వైరస్‌ను ఏ దశలో అడ్డుకుంటోందో తేల్చడం ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.