రేపటి ఊళ్లో తాళం వేసిన ఇల్లు

ఒర్లాండో డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, కోట కేసి చూస్తూ నిలబడితే కుడిచేతి వైపు ఒక వంతెన ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లలో చాలామంది దాని మీద నడిచే ఉంటారు. దాటితే టుమారోల్యాండ్, అంటే పార్కులో 'రేపటి' లోకాన్ని చూపే భాగం. అడుగు పెట్టగానే ఎదురెదురుగా రెండు పెద్ద భవనాలు. ఒకదాంట్లో 2007 నుంచి కార్టూన్ రాక్షసుల కామెడీ షో నడుస్తోంది. రెండోదాంట్లో చివరి షో పడింది 2018 జనవరి 6న. ఆ షో పేరు 'స్టిచ్స్ గ్రేట్ ఎస్కేప్'. డిస్నీ అభిమానుల్లో దాన్ని మెచ్చుకున్నవాడు కనపడడం అరుదు. పోయినందుకు ఏడ్చినవాళ్లు లేరు గానీ, దాని చోట ఏం పెట్టాలన్న దగ్గర మాత్రం వాదన తెగలేదు. కొత్తది ఏదైనా పెట్టండి గానీ థీమ్ ఉంచండి అంటారు కొందరు. అసలు 'రేపు' అన్న థీమ్‌కి సరిపోయేది ఏమిటన్న ప్రశ్న ఆ వాదనలో ఉంది మరి. ఆ ప్రశ్న డిస్నీలాండ్ అంత పాతది.

1955 జులైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచేనాటికి టుమారోల్యాండ్ సగమే తయారైంది. డబ్బు మిగతా ల్యాండ్‌లకే అయిపోయింది. మిగిలిన చోటుని రసాయనాల కంపెనీకీ, అల్యూమినియం కంపెనీకీ ప్రదర్శనశాలలుగా ఇచ్చేశారు. కథ ప్రకారం అది 1986 నాటి లోకం. ఆ లోకంలో జనాన్ని నిజంగా పట్టుకున్నది 'రాకెట్ టు ద మూన్'. బయట 76 అడుగుల ఎత్తున విమానాల కంపెనీ టీడబ్ల్యూఏ పేరుతో తెల్లటి రాకెట్, లోపల గుండ్రటి హాలు, చుట్టూ మెట్లు మెట్లుగా సీట్లు, పైన ఒక తెర, కింద ఒక తెర. పైతెరలో చంద్రుడు దగ్గరవుతుంటే కిందితెరలో భూమి చిన్నదవుతుంది. స్పుత్నిక్ కూడా ఎగరని రోజుల్లో అదే గొప్ప ప్రయాణం.

ఫ్లోరిడాలో 1971 అక్టోబరు 1న మ్యాజిక్ కింగ్‌డమ్ మొదలైనప్పుడు అదే ఆటని కొంచెం మెరుగుపరిచి 'ఫ్లైట్ టు ద మూన్' పేరుతో, తర్వాత స్టిచ్ షో నడిచిన ఆ భవనంలోకే పట్టుకొచ్చారు. డిసెంబరు 24న తెరిచారు. అప్పటికి అపోలో 11, 12, 14, 15 నౌకలు చంద్రుడి మీద దిగి వచ్చేశాయి. ఎనిమిది మంది అక్కడ నడిచేశారు. పైగా ఆ రాకెట్లన్నీ లేచింది పార్కుకి గంట ప్రయాణం దూరంలోని కెనడీ స్పేస్ సెంటర్ నుంచే. అసలుది పక్క ఊళ్లో ఎగురుతుంటే నకలు కోసం క్యూలో నిలబడడమంటే, పెళ్లి భోజనం చేసి వచ్చినవాడికి శుభలేఖ ఇచ్చినట్టే. కొత్తగా తెరిచిన టుమారోల్యాండ్‌లో ఆ ఆట తొలిరోజే నిన్నటిదైపోయింది.

నాలుగేళ్లు తిరక్కుండానే, 1975 జూన్ 7న, గమ్యం మార్చేశారు. చంద్రుడి బదులు అంగారకుడు, పేరు 'మిషన్ టు మార్స్'. హాలు అదే, తెరలు అవే, సీట్లూ అవే. రాకెట్ లేచేటప్పుడు సీటు కిందికి కుంగేది, బరువు పోయినట్టు అనిపించాల్సిన చోట పైకి ఉబ్బేది. ముందు గదిలో మిషన్ కంట్రోల్ సెట్టు, అందులో మాట్లాడే యాంత్రిక బొమ్మ. అక్కడ ఒకసారి ప్రమాద ఘంటిక మోగేది. తీరా తెర మీద చూస్తే, ఒక సముద్రపక్షి నేల మీద వాలబోయి ఈడ్చుకుంటూ పడుతుంది. మొత్తం ఆటలో నవ్వొచ్చే చోటు అదొక్కటే. ఏళ్ల తరబడి ఆ పక్షి పడుతూనే ఉంది, జనం నవ్వుతూనే ఉన్నారు.

ఈసారి రేపు ఇంకా తొందరపడింది. ఆట తెరిచిన రెండు నెలలకే నాసా నౌక వైకింగ్ 1 ఆ పక్కనే ఉన్న కేప్ కెనావరల్ నుంచి బయల్దేరింది. 1976 జులై 20న అంగారకుడి మీద దిగి అసలు ఫొటోలు పంపింది. అయినా డిస్నీ ఆ ఆటని 1993 అక్టోబరు దాకా లాగింది. అంటే పద్దెనిమిదేళ్లు.

ఇన్ని దెబ్బలు తిన్నాక దొరికిన ఉపాయం నిజంగా తెలివైనది. నిజమైన భవిష్యత్తుతో పోటీ పడితే ఓటమి ఖాయం, కాబట్టి ఎన్నటికీ రాని భవిష్యత్తుని కట్టాలి. పాతకాలం సైన్స్ కథల పత్రికల అట్టల మీద కనిపించే రేపు అన్నమాట. రాదు కాబట్టి పాతబడదు. 1992లో పారిస్ పార్కు ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ ఊహలతో ఈ దారి పట్టింది. ఫ్లోరిడా 1994, 95ల్లో ఆ బాటలో నడిచింది. అప్పుడు టుమారోల్యాండ్ ఒక ఊరైంది. మన భవనం ఆ ఊళ్లో గ్రహాంతర సమావేశ మందిరం. ఎదురుగా ఉన్నది ఊరి సైన్స్ కేంద్రం, అందులో కాలయంత్రం షో. ఒక్కో ఆటకి ఊళ్లో ఒక పనీ, ఒక చిరునామా ఉన్నాయి. థీమ్ అంటే ఇదీ. గేటు మీద రాసిన పేరు ఒక్కటే థీమ్ కాదు.

ఆ సమావేశ మందిరంలో పెట్టిన 'ఏలియన్ ఎన్‌కౌంటర్' డిస్నీ పార్కుల్లో వచ్చిన అత్యంత భయంకరమైన ఆటల్లో ఒకటి. ఎక్స్-ఎస్ టెక్ అనే వేరే గ్రహం కంపెనీ తన సరుకుని మనుషులకి అమ్మడానికి వస్తుంది. ముందు గదిలో ఒక రోబో, స్కిప్పీ అనే ముద్దొచ్చే చిన్న జీవిని ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి మాయం చేసి పంపిస్తుంది. అది అవతల కమిలిపోయి తేలుతుంది. రోబోకి చీమ కుట్టినట్టయినా ఉండదు. తర్వాత గుండ్రటి హాల్లో కూర్చోబెట్టి భుజాల మీదికి బరువైన పట్టీలు దించుతారు. మధ్యలో గాజు గొట్టం. అందులోకి పొరపాటున ఒక రెక్కల రాక్షసి వస్తుంది, గాజు పగులుతుంది, దీపాలు ఆరిపోతాయి. మిగతాదంతా చీకట్లోనే. సీటు తలాపున చెవుల పక్కన స్పీకర్లు, మెడ మీద వెచ్చటి ఊపిరి, పైనుంచి తుంపర. చూసేది దాదాపు ఏమీ లేదు, వినేదీ ఒంటికి తగిలేదీ అంతా.

1994 డిసెంబరులో జనానికి ముందుగా చూపిస్తే, కంపెనీ అధిపతి మైఖేల్ ఐస్నర్‌కి అది చాలినంత భయంగా లేదనిపించింది. జనవరిలో మూసేసి, మార్పులు చేసి, 1995 జూన్‌లో మళ్లీ తెరిపించారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ల పాటు వచ్చిన ఫిర్యాదు సరిగ్గా దానికి తిరగేసింది. మిక్కీ మౌస్ పార్కు కదా అని పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు, కెవ్వుమంటున్న పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చేవారు. 2003 అక్టోబరులో దాన్ని ఎత్తేశారు.

అసలు తప్పు, నా లెక్కలో, ఇక్కడ మొదలైంది. భయపెట్టడానికి కట్టిన హాలుని ఉన్నదున్నట్టు ఉంచి, అందులో నవ్వించే బొమ్మని పెట్టారు. స్టిచ్ 2002లో వచ్చిన డిస్నీ కార్టూన్ సినిమాలోని నీలం రంగు అల్లరి జీవి, పిల్లలకి ప్రాణం. 2004 నవంబరు 16న తెరిచిన కొత్త ఆటలో మనం అంతరిక్ష జైలుకి కొత్తగా చేరిన కాపలావాళ్లం, స్టిచ్ తప్పించుకునే ఖైదీ. స్టిచ్ బొమ్మ కదలికలు మాత్రం చూడముచ్చటగా ఉండేవి, ఆ పనితనాన్ని తీసిపారేయలేం. కానీ చీకటి అదే, భుజాల మీద పట్టీలు అవే. పట్టీ ఒక్కసారి బరువుగా నొక్కితే స్టిచ్ మీదెక్కి గెంతుతున్నాడని అర్థం. ఇక మిరపకాయల మాంసం కూర వేసిన హాట్‌డాగ్ తిని వాడు తేన్చితే ఆ కంపు నిజంగానే ముక్కు దగ్గరికి కొట్టేవారు. ఫ్లోరిడా ఎండలో క్యూలో నిలబడి వచ్చినవాడికి అదీ బహుమానం! ఎత్తు 40 అంగుళాలు దాటిన ఏ పిల్లాడైనా లోపలికి పోవచ్చు, పోయాక చీకట్లో కదలలేక ఏడుపు. పాత ఆట పేరు విని వచ్చిన పెద్దవాళ్లకేమో భయమూ లేదు, నవ్వూ రాదు. పందిరి ఉంది కదా అని పెళ్లి పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

ఊరికి పడిన దెబ్బ ఇంకోటి. సమావేశ మందిరం కాస్తా జైలైపోయింది. 2006లో ఎదుటి కాలయంత్రమూ పోయి 2007లో రాక్షసుల నవ్వుల షో వచ్చింది. అంతకుముందే, 1998లో, బొమ్మ వ్యోమగామి బజ్ లైట్‌ఇయర్ తన తుపాకీ ఆటతో ఆ పక్కనే స్థలం పట్టాడు. ఇతగాడు జనానికి నచ్చాడు, అది వేరే సంగతి. వీళ్లలో గ్రహాంతరవాసులున్నారు, రోబోలున్నారు, కాబట్టి టుమారోల్యాండే అని కంపెనీ సర్దిచెప్పుకోవచ్చు. కానీ 1994లో ఊరు చెప్పిన ఒకే కథ పోయి, ఎవరి సినిమా కథ వాళ్లు చెప్పుకునే వీధి మిగిలింది. 'కొత్తది ఏదైనా పెట్టండి, కానీ థీమ్ ఉంచండి' అనేవాళ్లు అడుగుతున్నది ఆ పోయిన ఊరినే అని నాకు అనిపిస్తుంది.

స్టిచ్ షోని 2016 అక్టోబరు నుంచి రద్దీ రోజుల్లోనే నడిపారు, 2018లో పూర్తిగా ఆపేశారు. శాశ్వతంగా మూసినట్టేనని 2020లో చెప్పారు. 2023 ఏప్రిల్‌లో స్పేస్ మౌంటెన్ అనే పాత రోలర్‌కోస్టర్ పక్కన ట్రాన్ రోలర్‌కోస్టర్ వచ్చింది. అదీ సినిమాలోంచి వచ్చిందే, కానీ కంప్యూటర్ లోపలి వెలుగుల లోకం కాబట్టి ఆ ల్యాండ్‌లో ఇమిడిపోయింది. సినిమా పాత్రలు వచ్చినందుకే థీమ్ చెడిందనేవాళ్లకి దాన్ని చూపించొచ్చు. దాని కోసం పరిగెత్తేవాళ్లు వంతెన దిగి ఆ రెండు భవనాల మధ్య నుంచే పోతారు.

కాలిఫోర్నియాలో ఈ తంటా ఎప్పుడో తీరింది. అక్కడి మార్స్ ఆట 1992లో మూతపడింది. గుండ్రటి హాళ్లలోకి ఏ రాక్షసినీ తేలేదు. 1998 నుంచి ఆ భవనంలో పిజ్జా అమ్ముతున్నారు.