యాప్ చెప్పిన కేలరీలు తింటున్నా బరువు తగ్గట్లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఒకావిడ ఫోన్ తీసి చూపించింది. "రోజుకి 1730 కేలరీలు తింటే తగ్గుతానంది మేడమ్, రెండు నెలలుగా కొలుచుకుని తింటున్నా, ముల్లు కదల్లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. డైటీషియన్‌గా ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. తప్పు వాళ్లది కాదు, లెక్కది.

అపోహ: యాప్ ఇచ్చే అంకె కచ్చితమైనది.

అది అంచనా మాత్రమే. చాలా యాప్‌లు వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం: బరువు కిలోల్లో × 10, ఎత్తు సెంటీమీటర్లలో × 6.25, రెండూ కలిపి వయసు × 5 తీసేయాలి, తర్వాత మగవాళ్లకి 5 కలపాలి, ఆడవాళ్లకి 161 తీసేయాలి. ఆవిడకి 40 ఏళ్లు, 80 కిలోలు, 160 సెంటీమీటర్లు, అంటే 1439 వస్తుంది. రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు అది.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఆ అంకెని మన కదలికని బట్టి గుణిస్తారు, కూర్చుని చేసే పనైతే 1.2, ఓ మోస్తరుగా వ్యాయామం చేస్తే 1.55. వారానికి మూడుసార్లు అరగంట నడుస్తుంది కదా అని ఆవిడ "ఓ మోస్తరు" నొక్కింది, మిగతా రోజంతా కుర్చీలోనే. దాంతో 2230 వచ్చింది, బరువు తగ్గడానికని అందులో 500 తీసి యాప్ 1730 ఇచ్చింది. అదే 1.2తో గుణించి చూడండి, 1727! అంటే రెండు నెలలు పాపం ఆవిడ సరిగ్గా ఉన్న బరువు నిలబెట్టుకునేంత తింది. దయచేసి ఇక్కడ ఒక మెట్టు తక్కువే ఎంచుకోండి.

అపోహ: ఎంత తక్కువ తింటే అంత మంచిది.

కాదు. 800 కేలరీల లోపు డైట్ డాక్టర్ పర్యవేక్షణలో తప్ప చేయకూడదు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, నీరసంతో మనకి తెలియకుండానే కదలడం తగ్గిపోతుంది. ఆవిడకి నేను 1400 పెట్టాను, వారానికి 300 గ్రాములు తగ్గినా చాలు.

అపోహ: నూనె ఒక స్పూనే కదా, రాయక్కర్లేదు.

కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, పిండిపదార్థాలూ ప్రొటీన్లూ గ్రాముకి 4. పెద్ద స్పూను నూనె దాదాపు 120 కేలరీలు. మూడు స్పూన్లు రాయకపోతే రోజంతా కడుపు కట్టుకుని మిగిల్చిందంతా అక్కడే పోతుంది.

అపోహ: పొద్దున్న కిలో పెరిగితే డైట్ పనిచేయనట్టే.

కిలో కొవ్వంటే సుమారు 7700 కేలరీలు, ఒక్క రాత్రిలో అంత చేరదు. అది ఉప్పు వల్లో, నెలసరి వల్లో నిలిచిన నీరు. టెన్షన్ పడకుండా రోజూ బరువు రాసుకుని వారం సగటు చూడండి. మూడు వారాలైనా సగటు కదలకపోతే అప్పుడు ఓ 100, 150 తగ్గించండి. తగ్గుతూ ఉంటే లెక్క మళ్లీ వేయాలి, ఆవిడ 70 కిలోలకి వస్తే అదే 1727 కాస్తా 1607 అవుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ లెక్క మొదలుపెట్టకండి.